దొరికినవాడి పేరు

నా పేరు పెంటయ్య. నవ్వాలనిపిస్తే ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు చెప్పబుద్ధి కాదు.

పెంట అంటే ఏమిటో తెలుగు వచ్చినవాళ్లకు విడమర్చక్కర్లేదు. పశువుల పాక వెనక పేడా, ఊడ్చిన చెత్తా కలిపి వేసే పోగు. ఈ కాలం పిల్లల నోట్లో ఆ మాట ఇంకా దిగజారిపోయింది. ఏ పని చెడినా పెంట అయిందంటారు. అలాంటి మాటకు చివర అయ్య అని గౌరవం తగిలించి, దాన్ని ఒక మనిషికి జీవితాంతం అంటగట్టారు. ఆ మనిషిని నేను.

మా అమ్మకు నాకంటే ముందు ముగ్గురు పుట్టారు. ముగ్గురూ దక్కలేదు. నేను పుట్టగానే మా నాయనమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి, పాక వెనక పెంటపోగు మీద పెట్టించింది. పేటలో ఉండే సువర్ణమ్మ అనే ఆవిడ, ముందే అనుకున్న ప్రకారం అటుగా వచ్చి నన్ను ఎత్తుకుని వీధి గుమ్మంలోకి తెచ్చి, "ఎవరి బిడ్డోనమ్మా, పెంట మీద దొరికాడు, పెంచుకుంటారా?" అని అడిగింది. మా అమ్మ పరాయి బిడ్డను తీసుకున్నట్టు, పెద్ద ఇష్టం లేనట్టు ముఖం పెట్టి తీసుకుంది. కన్నబిడ్డలను పట్టుకుపోయేదేదో గుమ్మంలో కాచుకుని ఉంటుందని వాళ్ల భయం. వీడు ఈ ఇంటివాడు కాదు, ఎవరో పారేసినవాడు అనుకుంటే అది వదిలేసి పోతుందట. ఆ ఉపాయం ఫలించిందో, నా ఆయువే గట్టిదో తెలియదు గానీ, డెబ్బై దాటి ఇలా గుండుగొలనులో మా అరుగు మీద కూర్చుని మీతో మాట్లాడుతున్నాను.

మా చిన్నప్పుడు ఇది వింత పేరేమీ కాదు. మా తరగతిలోనే ముగ్గురు పెంటయ్యలం. మాస్టారు పొట్టి పెంటయ్య, గట్టు మీద పెంటయ్య, నల్ల పెంటయ్య అని వేరు చేసి పిలిచేవారు. నల్లవాణ్ణి నేనే. ఎంగిలి విస్తరాకుల మీద పొర్లించి పేరు పెట్టిన పుల్లయ్యలు ఇద్దరు, ఒక పెంటమ్మ కూడా ఉండేవాళ్లు. అందరం ఒకే రకం వాళ్లమే కాబట్టి ఎవరూ ఎవరినీ వెక్కిరించే వీలు లేకపోయింది.

ఏలూరు డిపోలో కండక్టరుగా చేరాక మొదలైంది అసలు బాధ. జేబు మీద పేరు పలక తగిలించుకోవాలి కదా. కైకలూరు రూటులో, కొల్లేటి మధ్య నుంచి పోయే బస్సులో, కాలేజీ కుర్రాళ్లు ఆ పలక చదివి, "ఏవండీ, బస్సు ఇవాళ ఊడ్చారా అండీ?" అని ఎంతో మర్యాదగా అడిగేవాళ్లు. మా వైపు వెటకారం కూడా అండీ పెట్టే చేస్తారు. నేను ఊరుకునే రకం కాదు. ఒకణ్ణి చాటపర్రు దగ్గర వర్షంలో దింపేశాను కూడా.

పెళ్లి చూపులప్పుడు మా సుబ్బలక్ష్మిని వాళ్ల నాన్న, "అబ్బాయి పేరు అలా ఉంది, నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగారట. "ఎలాగూ నేను పేరు పెట్టి పిలిచేది లేదు కదా" అందట ఆవిడ. అలా కుదిరింది మా పెళ్లి. ఆవిడ మాట మీద నిలబడింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా పేరు ఆవిడ నోట రాలేదు. రేషను దుకాణంలో అడిగినా పక్కవాళ్ల చేత చెప్పిస్తుంది.

మాకు కొడుకు పుట్టినప్పుడు నా కసి అంతా తీర్చుకున్నాను. విశ్వతేజ అని పెట్టాను. విశ్వానికే తేజస్సు. వాడు తాడేపల్లిగూడెంలో చేపల మేత కంపెనీలో పని చేస్తాడు, అది వేరే విషయం. ఈ పెంటయ్య అన్న పేరు నాతోనే ఆఖరు అని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

మా కోడలు రమ్యశ్రీ గూడెంలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. మాట మెత్తన, బుర్ర చురుకు. మొదటిసారి నెల తప్పినప్పుడు మొగుడూ పెళ్లాలిద్దరూ సోఫాలో కూర్చుని ఫోనులో పేర్లు వెతికేవారు. ఆ ఫోనులో ఏ పేరు ఎంతమంది పెట్టుకుంటున్నారో, ఏది అరుదో అన్నీ చూపిస్తుందట. అరుదైనదని రేయాన్ష్ అన్నది ఏరారు. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయాడు. రెండోసారి ఇంకా అరుదైన పేరు ఏరారు. ఆ బిడ్డ భూమ్మీదకు వచ్చాడు గానీ బారసాల దాకా ఉండలేదు. ఆ పేరు నేను ఇక్కడ చెప్పను. మా ఇంట్లో ఎవరమూ చెప్పం.

మూడోసారి కోడలు ఆ ఫోను జోలికే పోనివ్వలేదు. ఎనిమిదో నెలలోనే ఏలూరు ఆస్పత్రిలో మగపిల్లాడు పుట్టాడు. నా అరచెయ్యంత ఉన్నాడు. అద్దాల పెట్టెలో పెట్టారు. కాలికి కట్టిన పట్టీ మీద 'బేబీ ఆఫ్ రమ్యశ్రీ' అని ఉంది. వారాలు గడిచాయి, ఒళ్లు చేసి ఇంటికి వచ్చాడు, అప్పటికీ వాడి పేరు అదే.

ఇంటికి వచ్చాక నాకొకటి కనిపించింది. కోడలు వాడికి పాలిస్తుంది, బట్టలు మారుస్తుంది, వేళకు చుక్కల మందు వేస్తుంది. పని అవగానే మా సుబ్బలక్ష్మి ఒళ్లో పెట్టేసి అవతలికి వెళ్లిపోతుంది. వాడి ముఖంలోకి చూడదు. బుజ్జీ అని గానీ, కన్నా అని గానీ పిలవదు. పరీక్ష హాల్లో కాపలా ఉన్న మాస్టరులా దూరంగా నిలబడి ఊపిరి తీస్తున్నాడా లేదా అని మాత్రం చూస్తుంది. ఏమని అడుగుతాం? ఎవరమూ అడగలేదు.

మూడో నెలలో బారసాల అనుకున్నాం. ఆ ముందు వారం నేను అరుగు మీద గోరుచిక్కుళ్లు తుంచుతుంటే కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"మావయ్యగారూ, మీతో ఒక మాటండి."

"చెప్పమ్మా."

"బాబుకి మీ పేరు పెడదామనుకుంటున్నానండి."

వేళాకోళం అనుకున్నాను. ముఖం చూస్తే అలా లేదు.

"వాడు నీకేం అపకారం చేశాడమ్మా?" అన్నాను.

"మీ పేరు ఎందుకు పెట్టారో అత్తయ్యగారు చెప్పారండి. నాకూ తెలుసు, పేరుకీ ప్రాణానికీ సంబంధం లేదని. రుజువు లేనిది నమ్మొద్దని క్లాసులో పిల్లలకి నేనే చెప్తాను." పళ్లెంలోంచి ఒక కాయ తీసి తుంచింది. "కానీ రెండుసార్లూ మంచి పేర్లే పెట్టుకున్నాం కదండీ."

సమాధానం లేనప్పుడు నాకు కోపం వస్తుంది, అది నా గుణం. "నేను మోసింది చాలదా? రేపు వాడు బడికి వెళ్తే తోటివాళ్లు ఏమంటారో నీకు తెలుసా? మీరంతా చదువుకున్నది ఇందుకా?" అని గట్టిగానే అన్నాను. కోడలు లేచి, తుంచిన చిక్కుళ్ల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున విశ్వతేజ ఫోను పట్టుకుని వచ్చాడు. "నాన్నా, మీ పేరు కొట్టి చూశానండి. ఎంతమంది పెట్టుకుంటున్నారంటే, ఫలితాలు లేవు అంటోంది. వేల పేర్లున్నాయి ఇందులో, మీది లేదు. ఇంతకన్నా అరుదైన పేరు దొరకదు."

"నవ్వులాటగా ఉందిరా నీకు."

వాడు ఫోను జేబులో పెట్టేశాడు. "లేదండి. రమ్యశ్రీకి వాణ్ణి తన బిడ్డ అనుకోవాలంటే భయం. తను అనుకోగానే పోతాడని. మీ పేరు పెడితే, దొరికిన బిడ్డ కదా అని కాస్త ధైర్యంగా ఎత్తుకుంటుందేమోనని నా ఆశ. అంతేనండి."

గుమ్మంలో నిలబడి వింటున్న సుబ్బలక్ష్మి తన బాధ తను చెప్పుకుంది. "అదంతా బాగానే ఉంది. మరి నేనెలా పిలవాలిరా వాణ్ణి?"

ఆ వారంలోనే పిల్లాణ్ణి ఏలూరు ఆస్పత్రిలో చూపించాల్సి వచ్చింది. కారులో నేనూ వెళ్లాను. ఆ వార్డు నర్సు కెజియా మాకు బాగా అలవాటు. అద్దాల పెట్టె దగ్గర వారాలపాటు మావాణ్ణి చూసుకున్నది ఆ అమ్మాయే. హాలు నిండా తల్లులూ పిల్లలూ. ఏడుపులు, పాల సీసాలు, తిరగని ఫ్యాను. కెజియా గది తలుపు తీసి పేర్లు పిలుస్తోంది.

"రేయాన్ష్" అని పిలిచింది.

మూడు చోట్ల నుంచి ముగ్గురు తల్లులు లేచారు. ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. "ఏ రేయాన్ష్ అండీ?" అంది ఒకావిడ. కెజియా కూడా నవ్వి ఇంటిపేరు చెప్పింది. ఇద్దరు కూర్చున్నారు, ఒకావిడ బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి చంకన వేసుకుని లోపలికి వెళ్లింది.

నేను కోడలి వైపు చూశాను. తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. సర్దడానికి అక్కడేమీ లేదు. ఆ అరుదైన పేరు పెట్టుకుని ముగ్గురు పిల్లలు కళ్ల ముందు తిరుగుతున్నారు, తన రేయాన్ష్ ఒక్కడే లేడు. ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేయాలనిపించింది. మామగారిని కదా, వేయలేకపోయాను.

తర్వాత కెజియా, "బేబీ ఆఫ్ రమ్యశ్రీ" అని పిలిచింది. కోడలూ కొడుకూ పిల్లాణ్ణి తీసుకుని లోపలికి వెళ్లారు.

నేను తలుపు దగ్గర ఉన్న కెజియాను అడిగాను. "అమ్మాయ్, ఇన్నేళ్లలో ఇక్కడికి పెంటయ్య అన్న పేరుతో ఎవరైనా పిల్లాడు వచ్చాడా?"

"లేదండి. ఆ పేరు ఇప్పుడెవరు పెడతారండీ?" అంది. నా పేరు అదేనని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. "మీరేమీ అనుకోకండి బాబాయిగారూ. మా చుట్టాల్లో కూడా పెద్దవాళ్లకి ఉండేదట. ఇప్పుడు లేదండి."

ఆ అమ్మాయి ఇంకో పేరు పిలవడానికి వెళ్లిపోయింది. నేను ఆ హాల్లోనే కూర్చున్నాను. నెలలు నిండనివాళ్లు, గుండెలో చిల్లున్నవాళ్లు, కామెర్లతో పుట్టినవాళ్లు, అందరూ అక్కడే ఉన్నారు, గొంతు చించుకుని ఏడుస్తున్నారు. బతికి ఏడుస్తున్నారు. అప్పుడు నాకు మా తరగతి గది గుర్తొచ్చింది. ముగ్గురు పెంటయ్యలు, ఇద్దరు పుల్లయ్యలు, ఒక పెంటమ్మ. మా ఆరుగురి పేర్ల వెనక మాకంటే ముందు పోయినవాళ్లు ఎంతమందో. మా ఇంట్లోనే ముగ్గురు. ఆ గదిలో మాతోపాటు వాళ్లూ కూర్చుని ఉంటే బల్లలు చాలేవి కావు. ఊరంతా ఆ పేరు ఉందంటే ఊరంతా తల్లులు అంత భయపడి బతికారన్నమాట. ఇప్పుడు ఆ పేరు ఎక్కడా లేదంటే, పెట్టక్కర్లేకుండా పోయిందన్నమాట. ఇన్నేళ్లూ మా అమ్మ నాకు ఏరి ఏరి చెత్త పేరు పెట్టిందని మనసులో కష్టపెట్టుకున్నాను. ఆవిడ పేరు పెట్టలేదు, బతిమాలుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. పక్కన కూర్చున్నాయన మనవడి కోసమనుకుని, "ఏం పరవాలేదండి, ఇక్కడ బాగా చూస్తారు" అని ఓదార్చాడు.

తిరిగి వస్తుంటే ఏలూరు దాటాక నేనే మొదలుపెట్టాను.

"అమ్మా, నా పేరు పెట్టుకో. కానీ ఒకటి. బడిలో వేసేటప్పుడు వేరే పేరు రాయించాలి. ఈ పేరు ఇంటి వరకే."

వెనక సీట్లో కోడలు పిల్లాడి మీది గుడ్డ సర్దింది. "బడికి వెళ్లే వయసు వస్తే చాలండి" అంది. "అప్పుడు మీరే ఏ పేరు చెప్తే అది."

"వస్తుంది" అన్నాను. రుజువు లేని మాటే. అయినా నమ్మకంగా అన్నాను.

"మరి నన్ను ఎత్తుకొచ్చినట్టు వీణ్ణి ఎవరు ఎత్తుకొస్తారు?" అని కూడా నేనే అడిగాను. మా కాలపు పెంటపోగు ఇప్పుడు ఊళ్లో లేదు. పొద్దున్నే పంచాయతీ బండి వచ్చి చెత్తంతా పట్టుకుపోతోంది. ఉన్నా నేను పడుకోబెట్టనివ్వను. కోడలు మాత్రం ఎవరో బయటివాళ్లు తెచ్చి ఇవ్వాల్సిందే అంది. అడగ్గా అడగ్గా చెప్పింది, ఆ ఎవరో కెజియా అయితే బాగుంటుందని.

బారసాల ఆదివారం పెట్టుకున్నాం. కెజియా చర్చి అయ్యాక వస్తానంది, అందుకని మధ్యాహ్నానికి జరిపాం. పురోహితుడు కాస్త సణిగాడు గానీ ముహూర్తం అటూ ఇటూ లాగి సర్దాడు. కెజియా వచ్చీ రాగానే, "ఎత్తుకోమంటే ఎత్తుకుంటాను గానీ ముందు అందరూ చేతులు కడుక్కోవాలండి" అని మా ఇంటిల్లిపాదినీ నూతి దగ్గరకు పంపించింది. "మా పాస్టరుగారు వింటే ఏమంటారో" అంటూనే, కొత్త చేటలో ఉతికిన గుడ్డ పరిచి పడుకోబెట్టిన పిల్లాణ్ణి తీసుకుని వీధిలోకి వెళ్లింది. కొబ్బరి చెట్టు దాకా వెళ్లి తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవరి బిడ్డోనండి, దొరికాడు. పెంచుకుంటారా?"

కోడలికి ముందే చెప్పి ఉంచాం. పెద్ద ఇష్టం లేనట్టు ఉండాలి, తొందరపడకూడదు, ఎవరి బిడ్డనో తీసుకున్నట్టు తీసుకోవాలి అని. మా సుబ్బలక్ష్మి రెండు రోజులు నేర్పించింది. ఆ అమ్మాయి అవేమీ చేయలేదు. ఒక్క అంగలో గుమ్మం దాటి, "ఇవ్వండి, ఇవ్వండి, నాకు కావాలి" అని వాణ్ణి లాక్కుని గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఉపాయం మొత్తం చెడగొట్టింది. గుమ్మంలో ఎవరు కాచుకుని ఉన్నా సరే, ఎవరి బిడ్డో తేలిపోయింది. కెజియా కూడా కళ్లు తుడుచుకుంది.

పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో విశ్వతేజ పేరు రాశాడు. నా పేరు బియ్యంలో చూడటం నాకు అదే మొదలు.

"పేరు పెట్టి పిలవమ్మా" అన్నాడు పురోహితుడు.

కోడలు పిల్లాణ్ణి ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుంది. ఇన్ని నెలల్లో మొదటిసారి వాడి ముఖంలోకి ముఖం పెట్టి చూసింది. చూస్తూ చూస్తూ ఉండిపోయింది. పురోహితుడు దగ్గితే గొంతు సవరించుకుని మెల్లగా పిలిచింది.

"పెంటయ్యా."

"వస్తున్నానమ్మా" అన్నాను నేను.

నోరు జారింది. అందరూ నా వైపు తిరిగారు. కొడుకు నవ్వబోయి నా ముఖం చూసి మానుకున్నాడు. నేనేం చేయను? మా అమ్మ పోయినప్పటి నుంచీ ఆ పేరుతో నన్ను అలా ఎవరూ పిలవలేదు. భార్య పిలవదు, కొడుకు పిలవడు, బస్సులో పిలిచినవాళ్లు నవ్వడానికి పిలిచారు. ఆ పేరు అంత మెత్తగా ఉంటుందని నేనే మరిచిపోయాను.

కోడలు నా వైపు చూసి తడికళ్లతోనే నవ్వింది. మళ్లీ పిల్లాడి మీదకు వంగి, ఇంకోసారి, ఈసారి కొంచెం గట్టిగా పిలిచింది.

నేను పలకలేదు. అది ఇక వాడి వంతు.